పిల్లలకు మతం నేర్పడానికీ, నూరిపోయడానికీ మధ్య గీత ఎక్కడుంది?

(తెరపై: నల్లటి పెట్టె. పైన ఒక కన్నం, ముందువైపు ఒక చిన్న తలుపు.)

ఈ పెట్టెలో ఒక బహుమతి ఉంది. దాన్ని ఎలా తీయాలో ఒకరు చేసి చూపిస్తారు. ముందు పుల్లతో పైకన్నంలో పొడుస్తారు. తర్వాత ముందు తలుపు తీసి, అదే పుల్లతో బహుమతిని బయటకు లాగుతారు. పెట్టె నల్లగా ఉంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనిపించదు. చూసిన చింపాంజీలు అలాగే చేశాయి. మూడు నాలుగేళ్ల పిల్లలూ అలాగే చేశారు.

(తెరపై: అదే పెట్టె, ఇప్పుడు అద్దంలా పారదర్శకంగా.)

తర్వాత లోపలంతా కనిపించే పెట్టె పెట్టారు. పైన పొడిచిన పుల్ల బహుమతి దాకా వెళ్లనే వెళ్లదు, మధ్యలో అడ్డు ఉంది. అది కళ్లెదుటే కనిపిస్తోంది. చింపాంజీలు ఆ అనవసరపు పొడుపులు మానేసి తలుపు దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టాయి. పిల్లలు మాత్రం పొడుస్తూనే ఉన్నారు.

విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగం ఇది. చింపాంజీ తెలివైనది, మన పిల్లలు మొద్దులు అని దీనర్థం కాదు. పెద్దవాళ్లు చేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. అలా అనుకోకపోతే మనిషి పిల్లకు రాయడం రాదు, వండటం రాదు, లెక్కలు రావు. ప్రతిదానికీ కారణం తెలిశాకే నేర్చుకుంటానని మూడేళ్ల పిల్ల కూర్చుంటే ఇంక అంతే సంగతులు.

పిల్లలకు మతం నేర్పడం గురించి గొడవ పడే రెండు వర్గాల వాళ్లూ పట్టుకునేది ఈ గుణాన్నే. "చిన్నప్పుడే నాటుకుంటుంది, అందుకే అప్పుడే నేర్పాలి" అని ఒకరు. "అందుకే అప్పుడు నేర్పకూడదు, అది బ్రెయిన్‌వాష్" అని ఇంకొకరు. నాకైతే ఇద్దరిదీ తొందరపాటే అనిపిస్తుంది.

అయిదారేళ్ల పిల్లల్ని "క్రిములు ఉన్నాయా?" అని అడగండి. ఠక్కున ఉన్నాయంటారు. ఎవరైనా చూశారా? లేదు. ఆక్సిజన్ సంగతీ అంతే. దేవుడు ఉన్నాడా అని అడిగినా చాలామంది ఉన్నాడనే అంటారు. మూడూ పెద్దవాళ్లు చెప్పగా విన్నవే. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ హ్యారిస్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధనలో ఒక తేడా బయటపడింది. క్రిముల మీద ఉన్నంత ధీమా పిల్లలకు దేవుడి మీద లేదు. ఎందుకు? దీనికి ఒక వివరణ ఉంది. "నాకు క్రిముల మీద నమ్మకం ఉంది" అని ఇంట్లో ఎవరూ అనరు. "చేతులు కడుక్కో" అంటారు, అంతే. దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మనం నమ్ముతాం" అని ప్రత్యేకంగా చెబుతాం. అంటే నమ్మనివాళ్లు కూడా ఎక్కడో ఉన్నారన్న మాట! పిల్లలు ఆపాటి పసిగట్టగలరు.

అంటే పిల్లలు మనం అనుకున్నంత ఖాళీ పలకలేం కాదు. కానీ మనం నేర్పింది వాళ్ల మీద పనిచేయదని కూడా కాదు. అదే హ్యారిస్, క్యాథ్లీన్ కొరివో, ఈవా చెన్‌తో కలిసి 2015లో మరో పరిశోధన ప్రచురించారు. అయిదారేళ్ల పిల్లలకు కథలు చెప్పి, అందులోని మనిషి నిజంగా ఉన్నాడా, కల్పితమా అని అడిగారు. మామూలు కథల దగ్గర అందరి జవాబూ ఒకటే. అద్భుతాలున్న కథల దగ్గర తేడా వచ్చింది. మతపరమైన వాతావరణంలో పెరుగుతున్న పిల్లలు ఆ మనిషి నిజంగా ఉన్నాడనడానికి ఎక్కువ మొగ్గు చూపారు. ఇది వార్తల్లోకి వచ్చినప్పుడు "మతం పిల్లల బుర్ర పాడుచేస్తుంది" అన్న ధోరణిలో చాలామంది పంచుకున్నారు. పరిశోధన అంత మాట అనలేదు. చిన్న సంఖ్యలో పిల్లల మీద, ఒకే వయసులో చూసిన విషయం అది. అసాధ్యం ఏదో తేల్చుకునేటప్పుడు పిల్లలు తమ చుట్టూ విన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటారని మాత్రమే దాన్నుంచి తెలుస్తుంది.

ఇంకో వాదన కూడా తరచూ వినిపిస్తుంది. "పిల్లలకు ఏ మతమూ చెప్పకుండా పెంచి, పెద్దయ్యాక వాళ్లనే ఎంచుకోనిద్దాం." వినడానికి బాగుంటుంది. కానీ ఏమీ చెప్పకుండా పెంచడం కుదిరే పని కాదు. చావు గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. పండగ చేసుకుంటే ఒక పాఠం, చేసుకోకపోతే ఇంకో పాఠం. మాతృభాషను పిల్లల్ని అడిగి నేర్పుతామా, మతమూ అంతే అని కొందరు సమర్థిస్తారు. సగం వరకు ఒప్పుకుంటాను. ఆ మిగతా సగం ఏమిటంటే, ఇంకో భాష నేర్చుకున్నందుకు ఏ పిల్లనూ ఇంట్లోంచి వెలివేయరు.

సరే, మరి తేల్చేది ఎలా? "పెద్దయ్యాక ఆ మనిషి సంతోషంగా ఉన్నాడా లేదా చూద్దాం" అంటారు కొందరు. ఈ కొలబద్ద ఎందుకు పనికిరాదో చెప్పడానికి మిమ్మల్ని 1858కి తీసుకెళ్లాలి.

(తెరపై: ఇటలీ పాత పటం, బొలోన్యా నగరం మీద గుర్తు.)

జూన్ 23 రాత్రి. బొలోన్యా అప్పట్లో పోప్ ఏలుబడిలో ఉంది. మొర్తారా అనే యూదు కుటుంబం ఇంటికి పోలీసులు వచ్చారు. పిల్లలందరినీ వరసగా చూపించమన్నారు. వాళ్లలో ఆరేళ్ల ఎద్గార్దోను తీసుకెళ్లాలన్నారు. కారణం? వాడు పసివాడిగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, ఎక్కడ చనిపోతాడోనని భయపడి ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎవరికీ చెప్పకుండా వాడికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ మాట ఆనోటా ఈనోటా పడి మతాధికారుల చెవికి చేరింది. బాప్తిస్మం పొందిన పిల్లవాడు యూదుల ఇంట్లో పెరగడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా మర్నాడు సాయంత్రం వాణ్ని రోమ్‌కు తరలించారు. యూరప్, అమెరికాల్లో నిరసనలు చెలరేగాయి. పోప్ తొమ్మిదో పయస్ లొంగలేదు, పిల్లవాడి బాగోగులు తానే దగ్గరుండి చూసుకున్నాడు.

ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై 1873లో క్యాథలిక్ ప్రీస్ట్ అయ్యాడు. తనను ఇంట్లోంచి తెచ్చేసిన పోప్‌ను జీవితాంతం తండ్రిలా గౌరవించాడు. తనవాళ్లను కూడా క్రైస్తవంలోకి రమ్మని పోరు పెట్టాడు. 1940లో బెల్జియంలో కన్నుమూశాడు. చివరిదాకా తనకు జరిగింది మేలే అన్నాడు.

ఇప్పుడు చెప్పండి. ఆయన సంతోషంగానే ఉన్నాడు కాబట్టి ఆ రాత్రి జరిగింది సరైనదేనా? మనలో ఎవరూ అవుననరు. ఆ సంతోషం అబద్ధం అని నేననడం లేదు, నిజమే కావచ్చు. కానీ ఏ పెంపకం ఆ మనిషిని తయారుచేసిందో, ఆ పెంపకం మంచిదేనని సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ మనిషినే పిలవడం న్యాయంగా లేదు. "నన్నూ ఇలాగే పెంచారు, నేను బాగానే ఉన్నానుగా" అనే ప్రతివాళ్లకూ, మతం వదిలేసి "నన్ను నాశనం చేశారు" అనేవాళ్లకు కూడా, ఈ ఇబ్బంది ఉంది.

పోనీ మతాన్నే పిల్లల దగ్గరికి రానివ్వకపోతే? సోవియట్ ప్రభుత్వం ఆ పనీ చేసి చూసింది. 1918లో బడుల్లో మత బోధనను నిషేధించింది. తర్వాతి ఏళ్లలో పిల్లలకు నాస్తికత్వాన్ని పాఠంగా చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్లు ప్రార్థన చేసుకుంటే పిల్లలకు బడిలో తలవంపులు. పద్ధతి మాత్రం వాళ్లు తిట్టిపోసిన పద్ధతే. జవాబు ముందే తేల్చేసి, ప్రశ్నించేవాణ్ని అనుమానంగా చూడటం. ఫలితం? ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం రష్యాలో తాము ఆర్థడాక్స్ క్రైస్తవులమని చెప్పుకున్న పెద్దవాళ్లు 1991లో 31 శాతం, 2008లో 72 శాతం. నూరిపోసింది నిలబడలేదు. అయితే ఈ అంకెలు చూసి మతం వైపు వాళ్లు మురిసిపోవాల్సిన పని కూడా లేదు, చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లు మాత్రం కొద్దిమందే.

చట్టాల్లోకి వెళ్తే నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. పిల్లల మత బోధన గురించి ఉన్న చాలా నియమాల్లో పిల్లలు లేరు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం, తమ నమ్మకాలకు తగ్గట్టు పిల్లలకు మత, నైతిక విద్య ఇప్పించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఇచ్చింది. బడుల్లో పిల్లలకు నూరిపోయకూడదని యూరప్ మానవ హక్కుల కోర్టు 1976లో డెన్మార్క్ కేసులో చెప్పింది. బాగుంది కదా అనుకుని తీర్పు చదివితే, అదీ తల్లిదండ్రుల నమ్మకాలను గౌరవించడం కోసమే. భారత రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం ప్రభుత్వ సాయంతో నడిచే బడిలో మైనరును మత బోధనకు కూర్చోబెట్టాలంటే సంరక్షకుల అనుమతి కావాలి. అనుమతి ఇచ్చేది సంరక్షకులు, కూర్చునేది పిల్లలు.

1972లో అమెరికా సుప్రీంకోర్టులో ఈ విషయాన్ని ఒక్క జడ్జి లేవనెత్తారు. ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపేది లేదన్నారు. మత స్వేచ్ఛ కింద కోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ జడ్జి, విలియం డగ్లస్, మాత్రం కొంత విభేదించారు. ఆ పిల్లల్లో కోర్టు ముందుకొచ్చి తన అభిప్రాయం చెప్పింది ఒక్క అమ్మాయే. మిగతావాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లలో ఒకరు పియానో వాయించాలనుకోవచ్చు, అంతరిక్షంలోకి వెళ్లాలనుకోవచ్చు, అది అడగరా అన్నది ఆయన ప్రశ్న.

అడిగే పద్ధతి ఒకటి జర్మనీలో వందేళ్లకు పైగా ఉంది. 1921 చట్టం ప్రకారం పన్నెండేళ్లు దాటిన పిల్లల్ని వాళ్లకు ఇష్టం లేకుండా వేరే మతంలోకి మార్చి పెంచకూడదు. పద్నాలుగు నిండితే ఏ మతమో, అసలు మతం వద్దో తేల్చుకునేది పిల్లలే. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 14వ అధికరణ కూడా ఇటే అడుగేసింది. తల్లిదండ్రులు దారి చూపవచ్చు, కానీ పిల్లల్లో పెరుగుతున్న శక్తిసామర్థ్యాలకు తగినట్టుగా చూపాలంటుంది. మూడేళ్లప్పుడు చేయి పట్టుకుని నడిపించినట్టు పదమూడేళ్లప్పుడు నడిపించడం కుదరదన్నమాట.

అందుకే గీత ఎక్కడ అని అడిగితే, మూడేళ్లప్పుడు ఏం నేర్పారో నేను పెద్దగా పట్టించుకోను. ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య, పిల్లలు ఎదురు ప్రశ్న వేసినప్పుడు ఏం జరిగిందో చూస్తాను.

(తెరపై: చీకటి గది, మంచం మీద పిల్ల, పక్కన తల్లి.)

"అమ్మా, నా ఫ్రెండ్‌ది మన దేవుడు కాదు కదా. మరి అది నరకానికి వెళ్తుందా?"

ఎనిమిదేళ్ల పిల్ల అడిగే ప్రశ్న ఇది. "వెళ్తుంది, అందుకే దానితో ఎక్కువ తిరగకు" అన్నారనుకోండి. ఆ పిల్ల ఆ రాత్రి ఒక స్నేహాన్ని పోగొట్టుకుంటుంది, పైగా తనకూ ఎప్పుడో అదే గతి పట్టొచ్చని భయం పట్టుకుంటుంది. "అలాంటివి అడగకూడదు, పడుకో" అంటే ప్రశ్నే పాపమని నేర్చుకుంటుంది. "మన పుస్తకంలో ఇలా ఉంది, వాళ్ల పుస్తకంలో ఇంకోలా ఉంది, నేను మాత్రం మీ ఫ్రెండ్ మంచిపిల్ల అనే అనుకుంటున్నాను, నీకేమనిపిస్తోంది?" అని కూడా అనొచ్చు. ఈ తల్లి భక్తి ఏమీ తగ్గిపోలేదు. మతం నేర్పుతూనే ఉంది. కాకపోతే ఆ పిల్ల రేపు మళ్లీ ధైర్యంగా అడుగుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది భయం. కాదనడానికి పిల్లల దగ్గర ఏ సాధనమూ లేని వయసులో వేసిన భయం, ఆ నమ్మకం పోయిన తర్వాత కూడా ఒంట్లో మిగిలిపోవచ్చు. నరకం లేదని బుద్ధికి తెలిసినా రాత్రిపూట ఆ టెన్షన్ వదలదని మతం విడిచిన పెద్దవాళ్లు కొందరు చెబుతారు. దీని తర్వాతది ప్రేమను నమ్మకానికి ముడిపెట్టడం. "ఇది నమ్మకపోతే నువ్వు నా కొడుకువే కాదు" అంటే, దానికి పిల్లవాడు ఎలా జవాబు చెబుతాడు? నమ్మినట్టు నటించడం నేర్చుకుంటాడు.

చివరిగా, ఈ వీడియో చూస్తున్నవాళ్లలో పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లు ఉంటారు. మీకు సందేహాలు వస్తే అది మీ లోపం కాదు. అలాగని ఈ రాత్రే ఇంట్లో ప్రకటించేయాల్సిన అవసరమూ లేదు. అరవకుండా వినే పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, పిన్నో, మావయ్యో, టీచరో. ముందు వాళ్లతో మాట్లాడండి. చదవండి, మీ మతం గురించి కూడా, విమర్శించేవాళ్లు చెప్పిందే కాకుండా ఆ మతంవాళ్లు రాసుకున్నది కూడా. కానీ మతం పేరు చెప్పి మిమ్మల్ని కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా, బడి మాన్పించినా, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకపోయినా, అది ఇక మతం గురించిన చర్చ కాదు. మీ దేశంలో పిల్లల హెల్ప్‌లైన్ ఉంటే ఆ నంబరుకు ఫోన్ చేయండి. మీ దేవుడు ఎవరని వాళ్లు అడగరు.