ఆకుల దొన్నెలో గుక్కెడు నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

తోపుడు బండి మీద అనాసపండు చెక్కు తీసి, ముక్కల మీద ఉప్పూకారం చల్లి ఇస్తుంటే బీసెంట్ రోడ్డులో ఆగకుండా వెళ్లిపోయే బెజవాడ మనిషి అరుదు. ఆ పండు నెత్తిన ఉండే ముళ్ల ఆకుల కుచ్చును బండివాడు ఒక్క వేటుతో నరికి పక్కన పారేస్తాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ కుచ్చుకు చుట్టాలైన మొక్కల గురించి. బ్రోమీలియాడ్లు అంటారు వాటిని. పేరు నోరు తిరగదు గానీ మొక్కను మీరు చూసే ఉంటారు. హోటల్ కౌంటర్ల మీదా, ఆసుపత్రుల వరండాల్లోనూ కనిపిస్తుంది. పట్టీల్లాంటి పచ్చటి ఆకుల నడుమ ఎర్రటి సెమ్మెలా ఒక పూగుత్తి నిటారుగా నిలబడి ఉంటుంది. ప్లాస్టిక్ పువ్వేమోనని చాలామంది గోటితో గిల్లి చూస్తారు. నేనూ గిల్లాను.

కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కల్లో ఒకదాన్ని ముచ్చటపడి కొని, మా మూడో అంతస్తు బాల్కనీలో పెట్టాను. పేరు గుజ్మానియా. మందారానికి పోసినట్టే రోజూ పొద్దున్నే కుండీ నిండా నీళ్లు పోశాను. నెల తిరిగేసరికి నడిమి ఆకు పట్టుకుంటే పట్టుకున్నట్టే ఊడి చేతిలోకి వచ్చింది. మొదలు నల్లబడి, కుళ్లిన ఉల్లిపాయ వాసన కొట్టింది. నీళ్లు తక్కువై చచ్చిన మొక్కలు మా ఇంట్లో చాలా ఉన్నాయి. మరీ ప్రేమగా చూసుకోవడం వల్ల పోయింది మాత్రం అదొక్కటే.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఈ జాతుల్లో చాలా వాటికి నేల మీద బతికే అలవాటే లేదు. వాటి పుట్టిల్లు అమెరికా ఖండాల అడవులు. మూడు వేలకు పైగా జాతులుంటే, పశ్చిమ ఆఫ్రికాలో పెరిగే ఒక్కటి తప్ప అన్నీ అక్కడివే. పెద్ద చెట్ల కొమ్మల మీద కూర్చుని బతుకుతాయి. అలాగని మన మామిడి చెట్లకు పట్టే బదనిక లాంటివని అనుకోకండి. బదనిక చెట్టు రసం పీలుస్తుంది. ఇవి కూర్చోవడానికి చోటు అడుగుతాయి, అంతే. వేళ్లు ఉన్నది కొమ్మను పట్టుకోవడానికే. తాగడం, తినడం ఆకులతోనే. ఆకులన్నీ మొదట్లో ఒకదాన్నొకటి గట్టిగా చుట్టుకుని దొన్నెలా తయారవుతాయి. గుళ్లో పులిహోర పెట్టే దొన్నె లాంటిదే అనుకోండి. వాన నీరు, రాలిన ఆకుల పిప్పి అందులో చేరతాయి. ఆకు మీద కంటికి ఆనని పొలుసులు ఉంటాయి, అవే ఆ నీటిని పీల్చుకుంటాయి.

కాబట్టి నీళ్లు పోయవలసింది ఆ దొన్నెలో. కుండీలోని మట్టి కాస్త తడిగా ఉంటే చాలు. అసలు మట్టి అనకూడదు. మన నల్లరేగడి పత్తికీ మిరపకూ బంగారమే గానీ, నీటిని పట్టి ఉంచే ఆ గుణమే దీని ప్రాణం తీస్తుంది. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు, కొంచెం ముతక ఇసుక కలిపి వాడండి. పోసిన నీరు అప్పుడే అడుగు నుంచి కారిపోవాలి. కుండీ చిన్నదైనా పరవాలేదు, మొక్క తల బరువుకు ఒరిగిపోకుండా ఉంటే చాలు.

ఏ నీళ్లు అన్నది కూడా చూసుకోవాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. దొన్నెలో నీరు ఆవిరైపోతే ఉప్పు ఆకు మీద తెల్లటి చారగా మిగిలిపోతుంది, ఆకు కొసలు ఎండుతాయి. వాన నీరు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచిది లేదు. లేదంటే మనం తాగే డబ్బా నీళ్లే ఒక చెంబుడు పోయండి. చెంబు అన్నాను కదా, అది రాగిది కాకూడదు. రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లు మనకు మంచివంటారు. ఈ మొక్కకు మాత్రం రాగి అంటే విషం.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసిన సంగతి కాదు. రెండోసారి కొన్న మొక్క ఆకు మీద గోధుమరంగు మచ్చలు చూసి, గుంటూరు నుంచి వచ్చిన మా తమ్ముడు, "అక్కా, ఇది తెగులే. మిరపకు కొట్టే మందు నా సంచిలో ఉంది, కాస్త చల్లుతాను" అన్నాడు. అది కాపర్ ఆక్సీక్లోరైడ్. మిరప చేలో పేరున్న మందే. వారంలో మొక్క నడిబొడ్డు మాడిపోయింది. "మా మిరపకు ఏమీ కాలేదే!" అని వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. ఆ మచ్చలు తెగులూ కాదు, మాఘమాసపు ఎండ తగిలి కాలిన మచ్చలు.

దొన్నెలో నీళ్లు అనగానే మీకు దోమలు గుర్తొచ్చి ఉంటాయి. నిజమే, డెంగీ తెచ్చే దోమకు ఇలాంటి తేట నీరే ఇష్టం. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఈ కారణంతోనే కొందరు ఈ మొక్కను ఇంట్లోకే రానివ్వరు. నేను మాత్రం ఒక పీత పద్ధతి పాటిస్తాను. జమైకా అడవుల్లో చిన్న పీత ఒకటి ఉంది. సముద్రం వదిలేసి ఈ మొక్కల దొన్నెల్లోనే పిల్లల్ని సాకుతుంది. తల్లి పీత ఆ గుక్కెడు నీళ్లలో పడిన కుళ్లిన ఆకుల్ని ఏరి బయట పారేస్తుంది. ఖాళీ నత్తగుల్లలు వెతికి తెచ్చి నీళ్లలో వేస్తుంది. అవి నీటి పులుపు విరిచి, పిల్లల డొప్పలు గట్టిపడటానికి సున్నం అందిస్తాయి. ఆ తల్లి చేసే పనిలో సగం మనం చేస్తే చాలు. శుక్రవారం డ్రై డే అని ఎలాగూ తొట్లు, కూలర్లు ఖాళీ చేస్తున్నాం. ఆ రోజే కుండీని పక్కకు వంచి పాత నీరు పారబోసి, ఒకసారి కడిగి, కొత్త నీరు సగం వరకు పోయండి. ఒక్క వారం కూడా తప్పకూడదు. వీలు కాదనుకునేవారు ఈ మొక్క పెంచకండి, అంతే.

వెలుతురు విషయానికి ఒక్క గుర్తు చాలు. ఆకు మెత్తగా, నున్నగా ఉంటే నీడ కోరే మొక్క. గట్టిగా, అంచున ముళ్లతో ఉంటే ఇంకాస్త వెలుతురు అడుగుతుంది. ఏదైనా సరే మన ఎండకు నేరుగా పెట్టకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న ఊరిది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు కాఫీ కలుపుకొనేంత వేడిగా వస్తాయి. వాటిని దొన్నెలో పోస్తే మొక్కను ఉడకబెట్టినట్టే. వేసవిలో తెల్లవారుజామునే పోయాలి. ఎరువు అంతగా అక్కర్లేదు, యూరియా గుళికలు దొన్నెలో అసలే వేయకూడదు.

ఇక పువ్వు. మనం చూసే ఎరుపు నిజానికి పువ్వు కాదు, కాగితప్పూల మాదిరిగా రంగు ఎక్కిన ఆకులే. అసలు పూలు చిన్నవి, వాటి మధ్య నుంచి తొంగిచూసి రెండు మూడు రోజుల్లో వాడిపోతాయి. ఎర్రాకులు మాత్రం నెలల తరబడి నిలుస్తాయి. ఎదిగిన మొక్క ఎంతకీ పూయకపోతే దొన్నె ఖాళీ చేసి, పక్కన ఒక మాగిన ఆపిల్ పండు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వారం పది రోజులు మూసి నీడలో ఉంచండి. మామిడికాయలు గడ్డిలో మాగవేసినప్పుడు పని చేసే ఇథిలీన్ వాయువే ఇక్కడా పని చేస్తుంది. రెండు మూడు నెలల్లో గుత్తి కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో అజోర్స్ దీవుల్లో గాజు ఇళ్లలో అనాస పెంచేవారు పొగ తగిలితే పంట ముందుగా పూస్తుందని గమనించారు. పొగలోనూ ఉండేది ఇదే వాయువు.

పూసిన తర్వాత జరిగేది చూసి చాలామంది మొక్కలమ్మినవాడు మోసం చేశాడనుకుంటారు. మొక్క ఎండటం మొదలుపెడుతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఆగదు. తెనాలి, దుగ్గిరాల వైపు అరటి తోటలు చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. గెల వేసిన అరటి మళ్లీ వేయదు, పక్కన పిలక లేస్తుంది. ఇదీ అంతే, జన్మలో ఒక్కసారే పూస్తుంది. తల్లి ఏడాది దాకా మెల్లగా ఎండుతూ పిలకల్ని పోషిస్తుంది. ఎర్రాకులు మాడగానే తొట్టి ఎత్తి చెత్తబండిలో వేయకండి, వేస్తే పిల్లలూ పోతాయి. పిలక తల్లి ఎత్తులో సగానికి వచ్చాక, దానికి సొంత వేళ్లు కనిపిస్తే, పదునైన కత్తితో వేరు చేసి నాటుకోవచ్చు.

మా ఇంట్లో మూడో మొక్క ఈ సంక్రాంతికి పూర్తిగా ఎండిపోయింది. రెండు పిలకలు మిగిలాయి. ఒకటి గుంటూరులో మా తమ్ముడికి ఇచ్చాను, మిరప మందు దాని ఛాయలకు తేనని ఒట్టు వేయించుకుని మరీ. రెండోది నా దగ్గరే ఉంది, ఇంకా పూయలేదు. రేపు శుక్రవారం. దాని దొన్నె వంపాలి.

సెలవు.