విచ్ఛిత్తి పాఠంలో ఉండాల్సిన పేరు

ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. స్వాగతాలకే చాలా సమయం పట్టింది, నేరుగా విషయానికి వస్తాను.

1896 ఫిబ్రవరి చివర్లో పారిస్‌లో మబ్బు పట్టింది. ఎండ తగిలితేనే యురేనియం లవణం కిరణాలు విడుస్తుందనుకున్న హెన్రీ బెకెరెల్, నల్ల కాగితం చుట్టిన ఫొటో ప్లేటునూ లవణాన్నీ సొరుగులో పెట్టేశారు. మార్చి 1న ప్లేటును కడిగి చూస్తే మచ్చ ముదురుగా పడి ఉంది! ఎండతో పనే లేదు, కిరణాలు యురేనియంలోంచే వస్తున్నాయి. 1898లో క్యూరీ దంపతులు అలాంటి కిరణాలే విడిచే పొలోనియం, రేడియం కనుగొన్నారు. ఆల్ఫా, బీటా, గామా కిరణాల గురించి కూడా చెప్పమన్నారు కానీ, అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో సరిగా చోటు దొరకని ఒక మనిషి గురించి చెప్పనివ్వండి.

కేంద్రక విచ్ఛిత్తి, అంటే పరమాణువు కేంద్రకం రెండుగా చీలడం, ఎవరు కనుక్కున్నారంటే రసాయన శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్ అని టక్కున చెబుతారు. మరి భౌతిక శాస్త్రవేత్త లీజ మైట్నర్?

1907లో బెర్లిన్ వచ్చిన ఆవిడకు ఇచ్చిన చోటు నేలమాళిగలో ఒక వడ్రంగి గది. ఆడమనిషని పై ల్యాబుల్లోకి రానివ్వలేదు. బాత్రూమ్‌కి వీధిలోని హోటల్‌కి వెళ్లాలి. ఆలోచించండమ్మా! అక్కడ మొదలుపెట్టి హాన్‌తో ముప్పై ఏళ్లు పనిచేశారు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1938 జులైలో నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని వెళ్లాల్సి వచ్చింది.

ఆ డిసెంబరులో హాన్ ఉత్తరం రాశారు. యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే దానికన్నా చాలా తేలికైన బేరియం వస్తోంది, ఇదెలా సాధ్యమని. స్వీడన్ మంచులో అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్‌తో నడుస్తూ, చెట్టు మొద్దు మీద కూర్చుని, చీటీల మీద లెక్క కట్టారావిడ. నీటిబొట్టు సాగి తెగినట్టు కేంద్రకం రెండుగా చీలుతోంది. ప్రోటాన్ బరువులో ఐదో వంతు మాయమవుతోంది. ద్రవ్యరాశిని శక్తిగా లెక్కగట్టే ఐన్‌స్టీన్ సూత్రంలో వేస్తే ఒక్క చీలికకు సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తిని కొలిచే చిన్న ప్రమాణం)! బొగ్గు మండితే ఒక్కో పరమాణువుకు వచ్చేది నాలుగు. 1942 డిసెంబరు 2న చికాగోలో భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం, ఒక చీలిక మరికొన్ని చీలికలకు దారితీసే గొలుసు చర్యను అదుపులో నడిపింది. నేటి అణు విద్యుత్తుకు ఆధారం ఆ చీలికే.

1944 రసాయన నోబెల్ మాత్రం హాన్ ఒక్కరికే ఇచ్చారు. ఒక్కరికే! అణుబాంబు పనికి పిలిస్తే రానన్న మనిషి ఆవిడ. 109వ మూలకానికి మైట్నేరియం అనే పేరు ఖాయమైంది 1997లో, ఆవిడ పోయిన 29 ఏళ్లకు. నాకు అది చాలదు.

మాస్టార్లూ, విచ్ఛిత్తి పాఠం చెప్పే రోజు బోర్డు మీద ఆ పేరు కూడా రాయండి. పిల్లలూ, రాయకపోతే మీరే అడగండి.