నల్లబడినదంతా నీరు కాదు

సభాధ్యక్షులకు, శ్రోతలకు నమస్కారం. నా గురించి చెప్పవలసినదానికన్నా ఎక్కువే చెప్పారు కనుక నేరుగా విషయానికి వస్తాను: ఆర్కిటిక్ సముద్రం మీది మంచు ఎప్పుడు కరగడం మొదలుపెట్టిందో ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో కనిపెట్టడం.

ముందుగా మాటల చిక్కొకటి తీర్చుకోవాలి. ఆకాశం నుంచి రాలేదీ మనకు మంచే, గడ్డకట్టిన సముద్రమూ మంచే. రాడార్ ఆ రెంటినీ వేరుగా చూస్తుంది కాబట్టి, ఈ పూటకు మొదటిదాన్ని హిమమనీ రెండోదాన్ని గడ్డ అనీ అంటాను.

ఆర్కిటిక్ ప్రస్తావన రాగానే అందరూ సెప్టెంబరు అంకె, అంటే ఏడాదిలో గడ్డ అతి తక్కువగా మిగిలినప్పటి విస్తీర్ణం, అడుగుతారు. 2012 సెప్టెంబరులో గడ్డ విస్తీర్ణం సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయిందన్నది చాలామందికి గుర్తుంది. ఆ ఏడాది హిమం ఏ రోజున తొలిసారి తడిసిందని మాత్రం నన్నెవరూ అడగలేదు. నా ఫిర్యాదు అదే. పొడి హిమం తనపై పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి పంపేస్తుంది, నల్లని సముద్రం పది శాతమైనా పంపదు. ఆ ధ్రువం మీద ఎండ పతాకస్థాయిలో ఉండేది జూన్ 21 ప్రాంతంలో. సెప్టెంబరుకు సూర్యుడు దిగంతానికి దిగిపోతాడు. కనుక తడి మే నెలలో మొదలైందా, జూన్ చివర మొదలైందా అన్నదానిని బట్టే గడ్డ ఎంత వేడిని తాగుతుందో చాలావరకు తేలుతుంది.

ఆ తడిని కనిపెట్టడానికి రాడార్‌కు మించిన సాధనం అరుదు, ఎందుకంటే అది తన తరంగాలను తానే పంపుకుంటుంది, వేసవి మబ్బులు దానికి అడ్డురావు. ఐరోపావారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 వాడే అయిదున్నర సెంటీమీటర్ల తరంగానికి పొడి హిమం కిటికీ గాజు లాంటిది, తరంగం దానిలోంచి దూరిపోతుంది. కింద వేసవులు దాటి వచ్చిన ముదురు గడ్డ ఉంటే, ఉప్పు కారిపోయిన దాని పైపొరలోని గాలిబుడగలు తరంగాన్ని చెదరగొట్టడం వల్ల చిత్రంలో అది తెల్లగా మెరుస్తుంది. హిమంలోకి కొద్దిపాటి నీరు చేరినా ఆ తడి తరంగాన్ని మింగేసి, మెరుపును ఒకటి రెండు రోజుల్లోనే ఆర్పేస్తుంది. ఒక్క చలికాలపు వయసున్న లేత గడ్డ మీద ఇదే మార్పు తిరగబడి, మెరుపు పెరగనూవచ్చు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పకుండా ముందుకు పోలేను. పనిలో చేరిన తొలి వేసవిలో, మూడు రోజుల తేడాతో తీసిన రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి, నల్లబడిన మేరనంతా నీరని గీసేశాను. మా పెద్దాయన పటం చూసి ఏమీ అనలేదు. ఆ మూడు రోజుల గాలి ఉష్ణోగ్రతల పట్టిక తెచ్చి నా ముందు పెట్టారు. పాదరసం సున్నా దాటింది. వారం తిరగకముందే చలి వచ్చి హిమం మళ్లీ గడ్డకట్టగానే, నేను కరిగించేసిన గడ్డంతా ఉన్నచోటనే తెల్లగా తేలింది.

పెద్దాయన అప్పుడైనా నవ్వి ఉంటే బాగుండేది. సరే, విషయానికి వస్తాను. తర్వాతి ఘట్టం ఇంకా మోసకారి: హిమం కరిగి గడ్డ మీద మడుగులు కడుతుంది, గాలి లేనప్పుడు అవి నల్లగా, గాలికి అలలు రేగితే తెల్లగా కనిపిస్తాయి. ఒక్క చిత్రంతో తీర్పు చెప్పరాదని నేను మొండిగా వాదించేది అందుకే. చూసే కోణం మారినా మెరుపు మారుతుంది కాబట్టి, ఒకే కక్ష్యా మార్గపు చిత్రాలే పోల్చాలి. జంటగా తిరిగిన రెండు ఉపగ్రహాలు వాటిని ఆరు రోజులకోసారి ఇచ్చేవి. 2021 డిసెంబరులో సెంటినెల్-1బి విద్యుత్ లోపంతో మూగబోయాక కొన్నేళ్లపాటు ఆ వ్యవధి పన్నెండు రోజులైంది. తడి మొదలై, ఆగి, మళ్లీ మొదలవడానికి పన్నెండు రోజులు చాలు.

ఈ చిత్రాలను ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. వెనక వరుసల్లోని విద్యార్థులారా, మే నెల నుంచి ఒకే మార్గపు చిత్రాలను వరుసగా పేర్చి చూడండి. నీరని గీయబోయే ముందు మాత్రం ఉష్ణోగ్రతల పట్టిక పక్కన పెట్టుకోండి. దాన్ని తెచ్చి పెట్టే పెద్దాయన అందరికీ దొరకరు.