గుయ్‌మనే మోత పోయింది, హలోలో "హ" కూడా పోయింది: ఆప్టికల్ అవుట్ ఉన్న సౌండ్ కార్డు రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ యూఎస్‌బీ సౌండ్ కార్డు కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అనీ అనలేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో తిట్టుకోవద్దు.

స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. నాకు పనున్నది వెనకాల ఉన్న ఈ చిన్న కన్నంతోనే. ఇదిగో, లోపల ఎర్రగా వెలుగుతోంది చూశారా? అదే ఆప్టికల్ అవుట్.

గత రెండేళ్లుగా నా పీసీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కి మామూలు ఆర్‌సీఏ కేబులే. పాట ఆపితే చాలు, గుయ్‌మని మోత. మౌస్ కదిపితే స్పీకర్లో చిరచిర. కేబుల్ మార్చా, ప్లగ్ మార్చా, ఆంప్‌ని నానా మాటలూ అన్నా. పాపం, దాని తప్పేం లేదు. పీసీ ఎర్తూ ఆంప్ ఎర్తూ ఆ కేబుల్లో కలిసి గ్రౌండ్ లూప్ అయింది, అంటే ఆ చుట్టులో అక్కర్లేని కరెంటు తిరిగి మోతగా వినిపించింది. ఆప్టికల్ కేబుల్లో రాగి ఉండదు, ప్లాస్టిక్ ఫైబర్లో వెలుగు మాత్రమే పోతుంది. కరెంటుకి దారే లేనప్పుడు మోత ఎలా వస్తుంది చెప్పండి! పైగా డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పని ఆంప్ చూసుకుంటుంది కాబట్టి పీసీ లోపలి గోల మనదాకా రాదు. 1983లో తోషిబా తెచ్చిన పద్ధతి, ఇవాళ్టికీ నా సమస్య తీర్చింది.

మొదటిరోజు మాత్రం అరగంటసేపు సౌండే రాలేదు. డ్రైవర్ తీసేశా, మళ్లీ వేశా, ఆంప్‌లో ఇన్‌పుట్‌లన్నీ తిప్పా. చివరికి చూస్తే కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ టోపీ తీయలేదు నేను. నవ్వండి, పర్లేదు.

పక్కన కోయాక్సియల్ అవుట్ కూడా ఉంది. అందులో పోయేదీ అదే డేటా, కానీ అది రాగి, ఎర్తులు మళ్లీ కలుస్తాయి. నాకొద్దు. ఏది వాడినా పీసీలో వాల్యూమ్ ఫుల్‌గా పెట్టేసి ఆంప్ నాబ్‌తోనే తగ్గించుకోండి.

డబ్బా మీద "5.1" అని, అంటే ఆరు ఛానళ్ల సరౌండ్ సౌండ్ అని, ఇంత పెద్దగా వేశారు. సినిమాలో డాల్బీ డిజిటల్ ట్రాక్ (ఆ ఛానళ్లని కుదించి పెట్టింది) ఉంటే అది నేరుగా ఆంప్‌కి వెళ్లిపోతుంది, నిజమే. గేమ్ సంగతి వేరు. ఈ దారిలో కంప్రెస్ చెయ్యని సౌండ్ అయితే రెండు ఛానళ్లే పడతాయి. ఆరు కావాలంటే కార్డే అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్ లైవ్ లాంటిదానితో ఎన్‌కోడ్ చెయ్యాలి. ఇందులో అది లేదు. అంతకుముందు వాడిన నా పాత ఇంటర్నల్ కార్డులో ఉండేది!

సరే, అదీ సర్దుకుంటా. నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. కాసేపు ఏ సౌండూ లేకపోతే ఈ కార్డు సిగ్నల్ ఆపేస్తుంది. మళ్లీ సౌండ్ మొదలైనప్పుడు ఆంప్ ఆ సిగ్నల్‌ని పట్టుకునేలోపు మొదటి ముక్క పోతుంది. మెసేజ్ వస్తే టింగ్ వినపడదు, ఎందుకంటే ఆ టింగ్ మొత్తం ఉండేదే అంతసేపు. వీడియో కాల్లో అవతలివాళ్లు "హలో" అంటే నాకు "లో" అని వినిపిస్తుంది. పాత కార్డు ఏమీ లేనప్పుడు కూడా నిశ్శబ్దాన్నే పంపుతూ ఉండేది, ఆంప్ పట్టు వదిలేది కాదు. దీని డ్రైవర్లో అలాంటి ఆప్షనే లేదు, మెనూలన్నీ వెతికా. ప్రస్తుతానికి శబ్దం లేని ఆడియో ఫైల్ ఒకటి లూప్‌లో పెట్టుకుని బతుకుతున్నా. ఇదీ ఒక బతుకేనా!

అయినా తిరిగి పంపను, నా టేబుల్ మీదే ఉంటుంది. ఎందుకో వినండి, పాట ఆపి, ఆ శబ్దం లేని ఫైల్ కూడా ఆపేసి ఆంప్ వాల్యూమ్ పెంచుతున్నా... వినపడుతోందా? ఏమీ లేదు కదా! రెండేళ్లు ఎదురుచూశా దీనికోసం. ఇప్పుడు మళ్లీ ప్లే నొక్కుతా... ఆ, చూశారా, పల్లవిలో మొదటి మాట మింగేసింది.