డెసొలేషన్ పీక్ మీద కొత్త ట్రెక్కింగ్ కర్రలు: పిడికి నూటికి నూరు, లాక్‌కి దండం

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ జత నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, "మీకు ఏమనిపిస్తే అది చెప్పండి" అన్నారు. సరే, చెప్తాను. బరువెంత, పొడవెంత, మడిస్తే ఎంత అవుతుంది, ఇవన్నీ ఈపాటికి మీరు పది వీడియోల్లో చూసే ఉంటారు. కింద డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టాను. మళ్లీ చదివి మీ టైమ్ తినను.

పార్కులో రెండు రౌండ్లు కొట్టి కర్రల సంగతి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అందుకే వీటిని డెసొలేషన్ పీక్ ఎక్కించాను. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి మౌంట్ రైనియర్ ఎటూ తెలుసు. ఇది అటు కాదు, నార్త్ కాస్కేడ్స్ కొండల్లో, కెనడా సరిహద్దుకి దగ్గర. కొండ కింద కారు ఆపి దిగే వీలే లేదు. రాస్ లేక్ మీద పడవలో పోవాలి, లేదంటే ఒడ్డు వెంబడి మైళ్లకు మైళ్లు నడవాలి. మేం పడవ మాట్లాడుకున్నాం. పడవతను పొద్దున తొమ్మిదికి ఒడ్డున దింపి, సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. ఆ ఆరింటి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం దాదాపు 1,600 అడుగులు. శిఖరం 6,102. అంటే 5 మైళ్ల లోపు నడకలో 4,500 అడుగులు ఎక్కాలి. వంపు మీద వంపు. పైకి పోయేకొద్దీ నీళ్లు దొరకవు, మనిషికి నాలుగు లీటర్లు మోసుకెళ్లాం. మా బావమరిది పులిహోర డబ్బా కూడా మోశాడు, పాపం.

ఇప్పుడు పిడి. దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను. ఇది కార్క్, సీసా బిరడాలు చేసే బెరడు. నా పాత జతకి రబ్బరు పిడి ఉండేది. గంట నడిస్తే చెమటకి జారేది, రెండు గంటలకి బొటనవేలి పక్కన బొబ్బ. ఇంటికొచ్చాక అన్నం కలుపుకుంటే చుర్రుమనేది. ఈ కార్క్ చెమట పట్టినా జారలేదు. ఎండలో వేడెక్కలేదు. పైగా దీని కింద ఇంకో జానెడు ఫోమ్ తొడుగు ఉంది. ఏటవాలు దారిలో కొండ వైపు కర్రని పొట్టి చేయకుండా ఆ తొడుగు దగ్గర పట్టుకుంటే చాలు. ఎవరు ఆలోచించారో కానీ వాళ్లు కొండలు ఎక్కిన మనిషే.

అసలు నాకు కర్ర మీద గౌరవం కలిగింది అమ్మ వల్ల. 2023లో చిరుతల భయంతో అలిపిరి దారిలో టీటీడీ వాళ్లు నడిచే భక్తులకి చేతికర్రలు ఇచ్చారు కదా, అప్పుడు అమ్మ నడిచింది. చిరుత రాలేదు కానీ, "ఒరేయ్, ఆ కర్ర ఉంటే మోకాలు నొప్పే తెలీలేదురా" అంది. అప్పటిదాకా నేను కర్రలంటే ముసలివాళ్ల సామాను అనుకునేవాణ్ని.

ఒంటిగంటన్నరకి పైకి చేరాం. చివరి మైలు చెట్లు తక్కువ, అంతా గడ్డి, గాలి. ఉత్తరాన హోజోమీన్ జంట శిఖరాలు నల్లగా మీద పడుతున్నట్టు ఉంటాయి. 1926లో ఇక్కడ అడవి తగలబడిపోయింది, డెసొలేషన్, అంటే అంతా పాడుబడి బోసిపోవడం, అనే పేరు అందుకే వచ్చింది. మంటల మీద కన్నేసి ఉంచడానికి 1930ల మొదట్లో పైన ఒక చెక్క గది కట్టారు. 14 అడుగులకి 14 అడుగులు, నాలుగు వైపులా అద్దాలే. రచయిత జాక్ కెరూయాక్ 1956 వేసవిలో 63 రోజులు ఇక్కడ కాపలా ఉన్నాడు.

గది మధ్యలో ఆజ్‌బోర్న్ ఫైర్ ఫైండర్ అని ఒక పరికరం. గుండ్రటి మ్యాపు, దాని చుట్టూ తిరిగే లోహపు చక్రం. చక్రానికి ఒక పక్క చిన్న రంధ్రం, ఎదురుగా నిలువుగా కట్టిన గుర్రం వెంట్రుక. పొగ కనిపిస్తే రంధ్రంలోంచి చూసి, వెంట్రుకని పొగ మీదికి తెచ్చి, డిగ్రీ చదివి రేడియోలో చెప్తారు. ఇంకో కొండ మీద కాపలాదారు కూడా తన డిగ్రీ చెప్తే, రెండు గీతలు కలిసిన చోట నిప్పు. బ్యాటరీ లేదు, యాప్ లేదు. పిడుగులు పడేటప్పుడు ఎక్కి కూర్చోవడానికి కాళ్లకి గాజు బిళ్లలున్న స్టూలు ఒకటి వాడేవారు. నాకైతే ఆ వెంట్రుక దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు.

పులిహోర తిని, రెండున్నరకి దిగడం మొదలుపెట్టాం. దిగేటప్పుడు కర్ర పొడుగు పెంచుకోవాలి కదా. కర్ర పొడుగుని పట్టి ఉంచే లాక్ తీశాను, లాగాను, మీట మూశాను. ఆనాను. జర్రున లోపలికి పోయింది! మీట పక్కన బిగించడానికి ఒక స్క్రూ ఉంటుంది, ఇదిగో చూడండి, దాని నెత్తి మీద గాడి. నాణెం పెట్టి తిప్పాలట. నా దగ్గర నాణెం ఎక్కడిది? కాఫీ కూడా ఫోనుతోనే కొంటాం. పర్సులో నాలుగు కార్డులు, బావమరిది దగ్గర రెండు. కార్డు అంచు పెట్టి తిప్పితే కార్డే వంగింది.

మేం వెళ్లిన వేసవిలో పైన కాపలా ఉన్న పెద్దాయన చూశాడు. ఏమీ అనలేదు. లోపలికెళ్లి, చెక్క పిడి ఉన్న పాత స్క్రూడ్రైవర్ తెచ్చి చేతిలో పెట్టాడు. బిగించాను. రెండు గంటలు బాగానే నిలిచింది. తర్వాత సగం దారిలో, సరిగ్గా చెట్ల వేళ్లు అడ్డంగా ఉన్నచోట ఎడమ కర్ర మళ్లీ కూలింది, నేను మోకాలి మీద పడ్డాను. ఐదుంపావు. పడవ టెన్షన్. ఎడమది బ్యాగుకి కట్టేసి, ఒంటికర్రతో గబగబా దిగాం. పడవ వచ్చేసరికి మేం ఒడ్డున ఉన్నాం, అంతే.

మార్కులు అడగకండి. ఇంత మంచి పిడి చేసినవాళ్లు దానంతటది వదులయ్యే స్క్రూ పెట్టడం నాకు ఒళ్లు మండే విషయం. పిడి కోసం పదికి పది ఇస్తా, కొనమని మాత్రం చెప్పను. ఇప్పటికే కొన్నవాళ్లుంటే, బ్యాగులో ఒక రూపాయి బిళ్ల వేసుకోండి. నేను చదివింపుల కవరు నుంచి ఒకటి ఊడదీసి దాచాను. కంపెనీ వాళ్లు లాక్ మార్చి పంపితే మళ్లీ ఎక్కుతాను, ఈసారి పడవ ఏడింటికి చెప్పుకుంటాను.