గేర్‌బాక్స్ అడగదు

అందరికీ నమస్కారం. ముందుగా ఈ బోల్టు చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. చేతికి నల్లగా అంటుతుంది, కాబట్టి సమోసా తినడం అయిపోయినవాళ్లే పట్టుకోండి. బీ బ్లాకులో ఉండే మా మిత్రుడి కారు ఇప్పుడే కె.ఆర్.పురం వంతెన దాకా తిప్పి తెచ్చి కింద బేస్‌మెంట్‌లో పెట్టాను. 58 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. గేర్ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. వేడిగా ఉంటేనే ఆయిల్ బాగా దిగుతుంది. అది చల్లారేలోపు నేను మాటలు ఆపి, దాన్ని మార్చడం చూపించడానికి మిమ్మల్ని కిందికి తీసుకెళ్లాలి.

నేను మెకానిక్‌ని కాను, ఉద్యోగం అకౌంట్స్‌లో. బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇందులో సగం క్లచ్ మీద కాలు పెట్టే గడిచిపోయింది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా సాయంత్రం ఆరింటికి వెళ్లేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకటో గేరు, రెండో గేరు, మళ్లీ ఒకటి. మూడో గేరు పడితే పండగ.

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో మనకు గుర్తుంటుంది, లేదా సర్వీసువాళ్లే ఫోన్ చేసి గుర్తుచేస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎవరికీ పట్టదు. దానికి కర్ర పెట్టి చూసే డిప్‌స్టిక్ చాలా బండ్లలో లేదు, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. గేర్‌బాక్స్ అడగదు. ఇంజిన్ ఆయిల్ లాగా అందులోకి మండిన మసి చేరదు కాబట్టి గేర్ ఆయిల్ చాలాకాలం మన్నుతుంది, నిజమే. చాలాకాలమంటే ఎప్పటికీ అని కాదు. పళ్ల మధ్య నలిగి నలిగి చిక్కదనం తగ్గుతుంది, అరిగిన లోహపు పొడి అందులోనే తిరుగుతూ ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని మాన్యువళ్లలో అంకె ఉంటుంది, కొన్నిటిలో 'చూడండి' అని మాత్రమే ఉంటుంది. నా లెక్క చెప్పమంటే, ఈ ఊరి ట్రాఫిక్‌లో 50, 60 వేలు దాటితే ఆగను.

ఆ బోల్టు డ్రెయిన్ ప్లగ్గు, అంటే పాత ఆయిల్ దించడానికి గేర్‌బాక్స్ అడుగున విప్పేది. మా బండిదే. అంచులు అరిగాయని పోయినసారి కొత్తది వేసి దీన్ని కడగకుండా కవర్లో దాచాను. కొసన అయస్కాంతం ఉంది. దానికి అంటుకున్నది కాటుకలా మెత్తగా ఉంది చూడండి, వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలదు. అది మామూలు అరుగుదల. భయపడాల్సింది ముక్కలు కనిపిస్తే. గోరంత పెంకు, పంటి తునక, సూదిలాంటి రజను దొరికితే కొత్త ఆయిల్ పోసి ఊరుకోకండి, గేర్‌బాక్స్ విప్పేవాడికి చూపించండి.

ఆయిల్ ఎంపిక దగ్గర కాస్త ఆగుతాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కదిలే సిటీ బస్సు ఎక్కేవాణ్ణి గుర్తు చేసుకోండి. ఎక్కకూడదు, ఉదాహరణ కోసం చెబుతున్నా. నిలబడి ఫుట్‌బోర్డు మీద కాలేస్తే పడతాడు. బస్సుతోపాటు నాలుగడుగులు పరిగెత్తి, వేగం కలిశాక ఎక్కుతాడు. గేరు మార్చినప్పుడు లోపల జరిగేదీ ఇదే. వేరువేరు వేగాలతో తిరిగే రెండు భాగాల్ని కలిపేముందు ఒక చిన్న రింగు, చాలా బండ్లలో ఇత్తడిది, పక్కనున్న కోనును రాసుకుని వేగం సమానం చేస్తుంది. దాన్నే సింక్రో రింగు అంటారు. 1928లో కాడిలాక్ కార్లలో మొదటిసారి వచ్చింది. అది లేని లారీల్లో డ్రైవర్లు డబుల్ క్లచ్, అంటే ఒక్కో గేరుకు రెండుసార్లు క్లచ్ తొక్కి, ఆ పరుగేదో తామే పరిగెత్తేవారు.

ఆ రింగు పని చేయాలంటే రాపిడి కావాలి. పళ్లకేమో జారుడు కావాలి. ఒకే ఆయిల్ రెండు పనులూ చెయ్యాలి. అందుకే సీసా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఆయిల్ రకం రాసి ఉంటుంది. జీఎల్-5లో భారీ ఒత్తిడిని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిసిన మందు దాదాపు రెట్టింపు ఉంటుంది. జీపుల్లాంటి, వెనక చక్రాలు నడిపే బండ్లలో వెనక ఇరుసు డిఫరెన్షియల్‌కి, అంటే ఆ చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెకి, అది అమృతం. జీఎల్-4 అడిగే గేర్‌బాక్స్‌లో పోస్తే మాత్రం రింగు పట్టు తప్పవచ్చు, కొన్ని రకాల మందు ఇత్తడిని తినవచ్చు. జె.సి.రోడ్డులో స్పేర్ పార్టుల కౌంటరు ముందు నిలబడి జీఎల్-4 ఇమ్మంటే, కుర్రాడు "ఫైవే తీసుకోండి సార్, ఫోర్ కంటే ఫైవ్ మంచిది కదా" అన్నాడు. పరీక్షలో మార్కులు కాదు నాయనా ఇవి! మీ మాన్యువల్లో ఏముంటే అదే కొనండి. అందులో జీఎల్-5 అనే ఉంటే నా మాట పక్కనపెట్టి అదే పోయండి.

సీసా మీద చిక్కదనం చెప్పే 75డబ్ల్యూ-90 అన్న అంకె చూసి, అమ్మో ఎంత చిక్కనో అనుకోకండి. గేర్ ఆయిల్ కొలబద్ద వేరు. వేడి మీద అది సుమారు 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అంతే చిక్కగా ఉంటుంది.

ఇప్పుడు నా పరువు తీసే కథ. మొదటిసారి చేసినప్పుడు మా అక్క కొడుకు టార్చి పట్టుకున్నాడు. కింద ప్లగ్గు తీశాను. ఆయిల్ ధారగా, తర్వాత దారంలా, ఆ తర్వాత చుక్కలుగా దిగింది. కుళ్లిన కోడిగుడ్డూ కాలిన టైరూ కలిపినట్టు వాసన. వాడు ముక్కు మూసుకుని "మామా, పోసే ప్లగ్గు ముందు తియ్యాలి కదా?" అన్నాడు. తీస్తాలేరా అన్నాను. అది కదిలితేగా! పానా జారింది, ప్లగ్గు అంచులు గుండ్రంగా అయ్యాయి. శనివారం సాయంత్రం, పాత ఆయిల్ బేసిన్లో ఉంది, కొత్త ఆయిల్ సీసాలో ఉంది, బండి అంగుళం కదిలించడానికి లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

చివరికి మా వీధి మెకానిక్‌ని బతిమాలి తెచ్చుకున్నాను. కుప్పం మనిషి. వంగి చూసి, "పోసేది తెరవకుండా పారబోసేది తెరిస్తే ఎట్ల సార్?" అన్నాడు. ప్లగ్గు నెత్తిన సుత్తితో రెండు దెబ్బలు వేసి, సరిగ్గా పట్టే ఆరు పలకల సాకెట్ ఎక్కించి, హ్యాండిల్‌కి ఇనప పైపు తొడిగి లాగాడు. టక్కుమంది. తర్వాత బొటనవేలితో ప్లగ్గు చుట్టూ గీకి చూపించాడు. ఏళ్ల తరబడి గట్టిపడిన మట్టి, పెంకులా రాలింది. "దీన్ని ఎవురూ ముట్టనేలేదు సార్." అంతకు ఏడాది ముందు ఒక గ్యారేజీ బిల్లులో గేర్ ఆయిల్ మార్చినట్టు ఉంది, డబ్బు కట్టిన రసీదూ నా దగ్గర ఉంది. అకౌంట్స్‌వాణ్ణి కదా, రసీదును నమ్మాను.

అందుకే ఇవాళ కింద మొదట విప్పేది పైనున్న ఫిల్ ప్లగ్గు, అదే పోసే ప్లగ్గు. అది వదులైందని చేతికి తెలిశాకే రెండోది ముట్టుకుంటాం. చాలా చిన్న కార్లలో ఎడమ ముందు చక్రం తీస్తే రెండూ దగ్గరగా కనిపిస్తాయి. స్టెప్నీతో వచ్చిన జాకీ బండిని లేపడానికే, దాని మీద నమ్మకంతో కిందికి దూరకండి. లేపిన బండిని మోసే స్టాండ్లు రెండు తెచ్చాను. అవి లేనిరోజు నేను పని వాయిదా వేస్తాను, మీరూ అంతే చెయ్యండి.

పాతది దిగడానికి ఒక టీ తాగేంత టైం ఇవ్వండి. డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషర్ వేసి మాన్యువల్లో చెప్పినంతే బిగించండి. గేర్‌బాక్స్ ఒళ్లు అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. కొత్తది పైనుంచి, బానెట్ లోపల గరాటుకు పొడవాటి ట్యూబు తగిలించి పోస్తాం. చిన్న బండ్లకు రెండు లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. చాలా బండ్లలో ఫిల్ ప్లగ్గు రంధ్రమే కొలత, అక్కడి నుంచి సన్నగా బయటికి కారితే నిండినట్టు. అయితే బండి సమతలంగా ఉంటేనే. ముందువైపు పైకి లేపి కొలిస్తే లెక్క తప్పుతుంది. మన బేస్‌మెంట్ నేల కూడా నీళ్లు పోవడానికి కాస్త వాలుగా ఉంటుంది. నిన్న నీళ్ల సీసా దొర్లించి చూస్తే జనరేటర్ వైపు పరిగెత్తింది. లిఫ్టు పక్కన పెడితే మాత్రం కదల్లేదు, అందుకే బండి అక్కడ పెట్టించాను. సెక్రటరీగారి అనుమతి ఉంది, అట్టలు పరిచాను.

పాత ఆయిల్ సంగతి. దయచేసి డ్రెయిన్‌లో పోయకండి. ఆ నీళ్లు వాననీళ్లు పోయే రాజకాలువల్లో పడి చెరువుల దాకా వెళ్తాయి. బెళ్లందూరు చెరువు నురగలు కక్కడం, 2017లో, 2018లో మంటలంటుకోవడం టీవీలో అందరం చూశాం. అది ఒక్క ఆయిల్ వల్ల కాదు, కానీ మన వంతు మనం కలపక్కర్లేదు. పాత సీసాల్లోనే తిరిగి నింపి మూత బిగించండి. కుప్పం మెకానిక్ దగ్గర డ్రమ్ము ఉంది, రీసైక్లింగ్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు నవ్వుకుంటున్నారు, కనిపిస్తోంది. మీ బండిలోనూ మోటారు పక్కన గేర్ల పెట్టె ఉంది, అందులోనూ ఆయిల్ ఉంది. మాన్యువల్ తీసి చూసుకోండి.

బోల్టు ఎక్కడిదాకా వచ్చింది? ఆఖరి వరసలో ఉందా, తెచ్చెయ్యండి. లిఫ్టులో అందరం పట్టం, మోకాళ్లు బాగున్నవాళ్లు మెట్లమీద రండి. టార్చి ఎవరు పట్టుకుంటారు?