మెలోట్రాన్ ముందు ముగ్గురు: స్ప్రింగ్ బృందం, 1971

అక్క: అందరికీ నమస్కారం. వారానికి ఒకరం ఒక ఆల్బమ్ తెస్తాం, ఈ వారం వంతు మా తమ్ముడిది. ఇంగ్లండులో 1971లో విడుదలై, విడుదలైన సంగతి కూడా పెద్దగా ఎవరికీ పట్టని ఆల్బమ్ ఒకటి తెచ్చాడు. నాకు అభ్యంతరాలున్నాయి. ముందు వాడిని చెప్పనిద్దాం.

తమ్ముడు: బృందం పేరు స్ప్రింగ్, ఆల్బమ్ పేరూ అదే. లెస్టర్ నగరానికి చెందిన ఐదుగురు. ప్రోగ్రెసివ్ రాక్, అంటే రాక్‌ను పొడవైన, మెలికలున్న పాటలుగా పెంచిన శైలి, అనగానే జెనెసిస్, యెస్, కింగ్ క్రిమ్సన్ అని గడగడా చెప్పేస్తాం కదా, ఆ వరుసలో వీళ్లు ఎక్కడా కనిపించరు. కానీ అట్ట మీద ఎవరు ఏమి వాయించారో చదువు. పాడే పాట్ మోరన్ పేరు పక్కన మెలోట్రాన్. గిటారు వాయించే రే మార్టినెజ్ పక్కన మెలోట్రాన్. ఆర్గన్, పియానో చూసుకునే కిప్స్ బ్రౌన్ పక్కన మళ్లీ మెలోట్రాన్!

అక్క: ఐదుగురిలో ముగ్గురు. ఇంతకీ ఆ వాద్యం ఏమిటో తెలియనివాళ్లకు చెప్పు.

తమ్ముడు: పైకి చిన్న ఆర్గన్‌లా ఉంటుంది. లోపలంతా టేపులే. 1970లో వచ్చిన ఎం400 నమూనాకు 35 మెట్లు, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. నిజమైన వయొలిన్ల మీదో ఫ్లూటు మీదో ఆ ఒక్క స్వరాన్నీ వాయించి దాని మీద రికార్డు చేసిపెట్టారు. మెట్టు నొక్కితే టేపు తిరిగే ఇరుసుకు అదుముకుని కదులుతుంది, స్వరం పలుకుతుంది. సుమారు ఎనిమిది సెకన్లు, అంతే. ఇంకా నొక్కిపట్టినా లాభం లేదు, టేపు అయిపోయింది. వేలు తీస్తే అది మళ్లీ మొదటికి వెళుతుంది.

అక్క: నా మొదటి అభ్యంతరం దాని మీదే. నేను చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నదాన్ని. అది వయొలిన్లలాగే వినిపిస్తుంది గానీ శ్రుతి నిలవదు. స్వరం సన్నగా వణుకుతుంది. మా గురువుగారు వింటే లేచి వెళ్లిపోయేవారు.

తమ్ముడు: మోటారు వేగం కాస్త మారినా శ్రుతి కదులుతుంది మరి. నేను వినేదే ఆ వణుకు కోసం. బీటిల్స్ ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే ఫ్లూట్లు కూడా ఈ పెట్టెలోంచి వచ్చినవే. చాలా బృందాలు పాట పతాక స్థాయికి చేరినప్పుడు మాత్రమే, ఆకాశం బద్దలైనట్టు దీన్ని మోగించేవి. స్ప్రింగ్ అలా కాదు. మొదటి పాట ‘ది ప్రిజనర్’ మొదలవడమే దీనితో మొదలవుతుంది. ఆ తర్వాత మాట నడుస్తున్నా, గిటారు నడుస్తున్నా, వెనకాల ఇది ఉంటూనే ఉంటుంది. ముగ్గురి చేతిలో ఉన్నా ఎవరూ దానితో గారడీ చేయరు. ఇరవై నిమిషాల పాటలూ లేవు. మొత్తం ఎనిమిది పాటలు, అన్నిటికన్నా పొడవైన ‘గోల్డెన్ ఫ్లీస్’ కూడా ఏడు నిమిషాల లోపే.

అక్క: అది నాకూ నచ్చింది. గొంతు మాత్రం నచ్చలేదురా. మోరన్ శ్రుతిలోనే ఉంటాడు, కానీ ప్రతి పాటలోనూ ఒకటే దిగులు. ఖైదీ అయినా, ఓడ మునిగిన సైనికుడైనా ఒకటే ముఖం.

తమ్ముడు: ఒప్పుకుంటాను. మాటలు కూడా అక్కడక్కడా పేలవంగానే ఉన్నాయి.

అక్క: ‘సాంగ్ టు ఆబ్సెంట్ ఫ్రెండ్స్’ ఒక్కటీ వేరు. పియానో, గొంతు, ఇంక ఆర్భాటం లేదు. ఆ దిగులు అక్కడ సరిగ్గా కుదిరింది. సరే, ఎందుకు ఆడలేదంటావు? చేసినవాళ్లేమీ అనామకులు కారు కదా?

తమ్ముడు: కారు. నిర్మాత గస్ డజన్, డేవిడ్ బోవీ ‘స్పేస్ ఆడిటీ’ చేసినవాడు, ఎల్టన్ జాన్ ఆల్బమ్‌లు చేస్తున్నవాడు. రికార్డు చేసింది వేల్స్‌లో, మన్మత్ దగ్గరి రాక్‌ఫీల్డ్‌లో. వార్డ్ అన్నదమ్ములు తమ పాడిపశువుల క్షేత్రాన్నే స్టూడియోగా మార్చిన చోటు అది. కళాకారులు అక్కడే తిని, అక్కడే పడుకుని పనిచేసుకోవచ్చు. కొన్నేళ్లకు క్వీన్ ‘బొహీమియన్ రాప్సడీ’ పనికి అక్కడికే వెళ్లింది. అట్ట సంగతి చెప్పనే లేదు, మూడు మడతలది. నీటి ఒడ్డున ఎర్రకోటు సైనికుడు పడి ఉంటాడు. ఫొటో తీసింది కీఫ్, బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ అట్ట మీది నల్లదుస్తుల స్త్రీని తీసినవాడే.

అక్క: మరి లోపం ఎక్కడ?

తమ్ముడు: నియాన్‌లో. ఆర్‌సీఏ రికార్డుల కంపెనీ ఇలాంటి సంగీతం కోసమే నియాన్ పేరుతో ఒక లేబుల్, అంటే చిన్న అనుబంధ సంస్థ, పెట్టింది, పది పన్నెండు ఆల్బమ్‌లు వేసి కట్టేసింది. అప్పట్లో పెద్ద కంపెనీలన్నీ ఇలా ఒక్కో చిన్న లేబుల్ తెరిచాయి. పెట్టడంలో ఉన్న ఉత్సాహం అమ్మడంలో లేదు. ఇప్పుడు ఆ మూడు మడతల అట్టతో పాత ప్రతి దొరికితే సేకర్తలు ఎంతైనా పోస్తారు. బృందానికి ఒరిగిందేమిటి?

అక్క: నువ్వు దాచిపెట్టినది నేను చెప్పేస్తాను. డ్రమ్స్ వాయించినది పిక్ విదర్స్! డైర్ స్ట్రెయిట్స్ బృందం పాట ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’ విన్నవాళ్లంతా ఆయన చేతిని విన్నట్టే.

తమ్ముడు: అక్కా, అది చివర్లో చెప్పాలనుకున్నాను!

అక్క: చివరికే వచ్చాం కదా. ‘షిప్‌రెక్డ్ సోల్జర్’లో సైనిక కవాతులా ఆ చిన్న డ్రమ్ వాయిస్తాడు చూడు, దెబ్బ పడి వెంటనే ఆగిపోతుంది, మోగి సాగదు. పైన మెలోట్రాన్ పొగమంచులా వ్యాపిస్తుంటే, కింద ఈయన గీత గీసినట్టు వాయిస్తుంటాడు. ఈయన లేకపోతే ఆల్బమ్ అంతా జావగారిపోయేది. నా లెక్కలో ఇది ముగ్గురు మెలోట్రాన్ వాద్యకారుల ఆల్బమ్ కాదు, ఒక డ్రమ్మర్ ఆల్బమ్.

తమ్ముడు: నేను ఒప్పుకోను గానీ, కాదనడానికి ఆ పాట అడ్డొస్తోంది. మోరన్ కూడా రాక్‌ఫీల్డ్‌ను వదల్లేదు. ఇంజనీరుగా స్థిరపడ్డాడు, 1977లో రష్ బృందం ‘ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్’ చేయడానికి అక్కడికి వచ్చినప్పుడు రికార్డింగ్ బల్ల దగ్గర ఆయనే. రెండో ఆల్బమ్ కోసం స్ప్రింగ్ చేసుకున్న పాటలు ఎన్నో ఏళ్లకు సీడీల మీద వచ్చాయి.

అక్క: అవి వినాలా?

తమ్ముడు: మొదటిది నచ్చితేనే. కొత్తగా వినేవాళ్లు ‘షిప్‌రెక్డ్ సోల్జర్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘ది ప్రిజనర్’. ఇంత చెప్పాక కూడా శ్రుతి గురించి ఫిర్యాదు చేసేవాళ్లు అక్కకు ఉత్తరం రాయండి.